స్క్రీన్ రీడర్‌తో స్మార్ట్‌ఫోన్‌లో ఫైళ్ల నిర్వహణ

తెరమీద ఉన్న రాతను, బొత్తాలను, సూచనలను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. చూపు లేనివారు, చూపు బాగా తగ్గినవారు దాని సాయంతో ఫోన్‌లోని పత్రాలు, ఫొటోలు, రికార్డింగులు, పుస్తకాలు వెతుక్కుంటారు, తెరుస్తారు, పేర్లు మారుస్తారు, ఒక చోటినుంచి మరో చోటికి చేరుస్తారు, ఇతరులకు పంపుతారు, అక్కర్లేనివి చెరిపేస్తారు. ఈ పనులన్నీ కలిపితే ఫైళ్ల నిర్వహణ. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తయారుచేసిన టాక్‌బ్యాక్, ఐఫోన్లలో ఆపిల్ తయారుచేసిన వాయిస్‌ఓవర్ దీనికి ముఖ్య సాధనాలు. వాయిస్‌ఓవర్ ప్రతి ఐఫోన్‌లోనూ, టాక్‌బ్యాక్ చాలావరకు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ముందే ఉంటాయి, విడిగా కొనక్కర్లేదు.

2011 జనగణన ప్రకారం మన దేశంలో చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వైకల్య ధ్రువపత్రం, మార్కుల జాబితా, బ్యాంకు స్టేట్‌మెంట్, రక్తపరీక్ష రిపోర్టు, పరీక్ష హాల్ టికెట్ ఇప్పుడు చాలామంది దగ్గర ఫోన్‌లో ఫైళ్లుగానే ఉంటున్నాయి. వాటిని తన చేత్తో తెరిచి పంపగలిగితే వాటిలోని సంగతి తన దగ్గరే ఉంటుంది. పంపలేకపోతే ప్రతిసారీ ఫోన్‌ను ఇంట్లోవాళ్ల చేతిలోనో, జిరాక్స్ షాపతని చేతిలోనో పెట్టాలి. అప్పుడు ఖాతాలో ఎంతుందో, రిపోర్టులో ఏముందో తనకంటే ముందు వాళ్లకు తెలుస్తుంది. అందుకే ఈ నైపుణ్యం ఫోన్ వాడకంలో ఒక చిన్న విషయమనుకుని వదిలేయదగ్గది కాదు.

వినేవారికి తెర అందే తీరు

నలభై ఫైళ్లున్న ఫోల్డర్ తెరిస్తే చూపున్నవారికి ఒక్క చూపులో సగం పని అయిపోతుంది. ఎర్రటి పీడీఎఫ్ గుర్తులు, ఫొటోల చిన్న బొమ్మలు, మూడో వరసలో ఉందన్న జ్ఞాపకం వారికి దారి చూపుతాయి. వినేవారికి ఆ నలభై ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. వేలిని కుడికి స్వైప్ చేస్తే తర్వాతి అంశం, ఎడమకు చేస్తే వెనకటి అంశం వినిపిస్తుంది. ఏది వినిపిస్తోందో దానిమీద ఫోకస్ ఉన్నట్టు. డబుల్ టాప్ చేస్తే అది తెరుచుకుంటుంది. రెండోసారి తట్టి వేలు తీయకుండా ఉంచితే లాంగ్ ప్రెస్ అవుతుంది. ఈ సంజ్ఞలు టాక్‌బ్యాక్‌లోనూ వాయిస్‌ఓవర్‌లోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఫోన్ మారినా చేతివాటం పోదు.

వేలిని తెరమీద నెమ్మదిగా కదుపుతూ కిందున్నదాన్ని వినడం రెండో పద్ధతి. ఆండ్రాయిడ్‌లో ఈ సదుపాయం 2011లో 4.0 వెర్షన్‌తో వచ్చింది. కొత్తగా నేర్చుకునేవారు స్వైప్ దగ్గరే ఆగిపోతారు. కానీ అనుభవం వచ్చినవారు రెండూ కలిపి వాడతారు. వెతుకు బొత్తం పై కుడిమూలన ఉంటుందనీ, ‘ఇక్కడికి తరలించు’ అనేది అడుగున ఉంటుందనీ గుర్తుపెట్టుకుని నేరుగా అక్కడే వేలు పెడతారు. ముప్పై స్వైపులు మిగులుతాయి.

ఫైల్ మేనేజర్‌లో ముందుగా మార్చుకోవలసిన సెట్టింగ్ ఒకటుంది. బొమ్మల గళ్లుగా కనిపించే గ్రిడ్ వీక్షణను తీసేసి జాబితా వీక్షణ పెట్టుకోవాలి. జాబితాలో ఒక వరసకు ఒక ఫైలు, దాని పరిమాణం, తేదీ కలిసి వినిపిస్తాయి. గ్రిడ్‌లో ఏది ఏ వరసలో ఉందో మనసులో లెక్క పెట్టుకోవాల్సి వస్తుంది. తర్వాత అమరిక. ఇప్పుడే దిగిన ఫైలు కావాలంటే తేదీ క్రమం, పాత పత్రాలు తవ్వాలంటే పేరు క్రమం హాయి.

బొత్తాల కాలం నుంచి

2000 తర్వాతి దశకంలో నోకియా సింబియన్ ఫోన్లకు టాక్స్, మొబైల్ స్పీక్ అనే స్క్రీన్ రీడర్లు ఉండేవి. రెండూ డబ్బు పెట్టి కొనవలసినవే. ఆ ఫోన్లకు నిజమైన బొత్తాలుండేవి కాబట్టి ఫైళ్ల జాబితాలో పైకీ కిందికీ వెళ్లడం తేలిక. ఎక్స్‌ప్లోర్ అనే ఫైల్ మేనేజర్ అప్పటినుంచీ ఉంది, తర్వాత ఆండ్రాయిడ్‌కూ వచ్చింది. బొత్తాల్లేని నున్నటి గాజు తెర వచ్చినప్పుడు చూపులేనివారికి ఫోన్ దారి మూసుకుపోతుందన్న భయం కలగడం సహజం. 2009 జూన్‌లో ఐఫోన్ 3జీఎస్ వాయిస్‌ఓవర్‌తో రావడంతో ఆ భయం చాలావరకు తీరింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 1.6తో టాక్‌బ్యాక్ మొదలైంది. గూగుల్‌లో ఈ దిశగా నడిచిన ‘ఐస్ ఫ్రీ’ ప్రాజెక్టులో టీవీ రామన్, చార్లెస్ చెన్ ముఖ్యులు. పుణెలో పుట్టి 14వ ఏట చూపు కోల్పోయిన రామన్, అంతకుముందే 1995లో ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే వ్యవస్థను విడుదల చేశారు. కంప్యూటర్‌లోని ఫైళ్ల జాబితాను గొంతుతో నడిపించడం అందులో ఒక భాగం. తెరను ఉన్నదున్నట్టు చదివెయ్యడం చాలదనీ, సమాచారాన్నే వినడానికి వీలుగా అమర్చాలనీ ఆయన పట్టుబట్టారు. ఫైళ్ల విషయంలో ఆ పట్టుదల ఎంత సరైనదో రోజూ తెలుస్తూనే ఉంటుంది.

ఐఫోన్‌లో చాలాకాలం ఫోల్డర్లే కనిపించేవి కావు. ఏ యాప్ ఫైళ్లు ఆ యాప్‌లోనే ఉండేవి. 2017లో ఐఓఎస్ 11తో ‘ఫైల్స్’ యాప్ వచ్చాకే పత్రాన్ని ఒక చోట దాచి, మరో చోటినుంచి తెరవడం తేలికైంది. 2019లో ఐఓఎస్ 13 పెన్‌డ్రైవ్‌లను తెరవడాన్నీ, జిప్ ఫైళ్లను విప్పడాన్నీ అందులో చేర్చింది. వాయిస్‌ఓవర్‌లో రెండు వేళ్లను తాళంచెవి తిప్పినట్టు తిప్పితే రోటర్ అనే ఎంపికల చక్రం మారుతుంది. ‘చర్యలు’ దగ్గర ఆపి పైకో కిందికో స్వైప్ చేస్తే, ఫోకస్‌లో ఉన్న ఫైలుమీద చేయగల పనులు వరసగా వినిపిస్తాయి. లాంగ్ ప్రెస్‌తో మెనూ తెరవడంకంటే ఇది చురుకైన దారి.

ఆండ్రాయిడ్ అంతస్తులు

ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్లు బోలెడు. గూగుల్ వారి ‘ఫైల్స్’ 2017 డిసెంబరులో ‘ఫైల్స్ గో’ పేరుతో వచ్చి మరుసటి ఏడాది పేరు మార్చుకుంది. శాంసంగ్ ఫోన్లలో ‘మై ఫైల్స్’ ఉంటుంది. వీటిలో మొదట కనిపించేవి డౌన్‌లోడ్లు, చిత్రాలు, ఆడియో, పత్రాలు అన్న వర్గాలు. వర్గం అంటే ఫోల్డర్ కాదు. ఫోన్‌లో ఎక్కడెక్కడో ఉన్న ఒకే రకం ఫైళ్లను ఒక జాబితాగా చూపడమే. ఈ తేడా తెలియక, ‘పత్రాలు’ వర్గంలో చూసిన ఫైలు అదే పేరున్న ఫోల్డర్‌లో లేదేమిటని తడుముకునేవారు ఎక్కువ.

అసలు ఫోల్డర్లు ‘ఇంటర్నల్ స్టోరేజ్’ కింద ఉంటాయి. బ్రౌజర్‌తో దిగినవి ‘డౌన్‌లోడ్’లో, కెమెరా ఫొటోలు ‘డీసీఐఎం’లోని ‘కెమెరా’లో చేరతాయి. ఫోన్ భాష తెలుగు పెట్టుకున్నా ఆ ఫోల్డర్ల అసలు పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి ఏ యాప్ పడితే ఆ యాప్ మొత్తం నిల్వను చూసే వీలు పోయింది. ఇతర యాప్‌ల సొంత ఫోల్డర్లు మూతపడ్డాయి. బయటి ఫైల్ మేనేజర్‌కు ‘అన్ని ఫైళ్లకు యాక్సెస్’ అనే అనుమతిని సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫోల్డర్ ఖాళీగా ఉన్నట్టో, సగమే ఉన్నట్టో వినిపిస్తుంది. ఖాళీ అని విన్న మనిషి ఫైలు పోయిందనుకుంటారు. అనుమతి లేదన్న సంగతిని గొంతు స్పష్టంగా చెప్పే యాప్‌లు తక్కువ కావడం నిజంగా విచారకరం.

వాట్సాప్ ఫైళ్ల చోటు కూడా ఆ మార్పులతోనే లోపలికి వెళ్లింది. వచ్చిన పత్రం దొరకాలంటే ఆండ్రాయిడ్, దానిలో మీడియా, దానిలో కామ్ డాట్ వాట్సాప్, దానిలో వాట్సాప్, మళ్లీ మీడియా, చివరికి వాట్సాప్ డాక్యుమెంట్స్ అని ఆరు అంతస్తులు దిగాలి. అంత లోతుకు ప్రతిసారీ వెళ్లడం కంటే, ఫైలు వచ్చినప్పుడే దాన్ని తెరిచి షేర్ లేదా సేవ్ ద్వారా తన సొంత ఫోల్డర్‌లో కాపీ చేసుకోవడం మేలు.

పేరే చూపు

ఈ విషయం మొత్తంలో గట్టిగా చెప్పవలసింది ఇక్కడుంది. వినేవారికి ఫైలు పేరే దాని రూపం, రంగు, చోటు. పేరు సరిగా లేని ఫైలు ఫోన్‌లో ఉన్నా లేనట్టే.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పేరు ‘ఐఎంజీ-20230115-డబ్ల్యూఏ0003.జేపీజీ’ అన్న తీరులో ఉంటుంది. ఇది 2023 జనవరి 15న వచ్చిన ఫొటో. ఆ అంకెలను తెలుగు గొంతు ఒకే సంఖ్యగా తీసుకుంటే ‘రెండు కోట్ల రెండు లక్షల ముప్పై వేల నూట పదిహేను’ అని చదువుతుంది. అలాంటివి ఇరవై వరసగా ఉంటే, అన్నిటికీ మొదటి భాగం ఒకటే కాబట్టి ప్రతిదాన్నీ చివరిదాకా వినాలి. వేగంగా వినడం అలవాటైనవారు మొదటి రెండు మూడు అక్షరాలు చెవిన పడగానే తర్వాతిదానికి వెళ్లిపోతారు. అందుకని తేడా తెలిపే మాట పేరు మొదట్లోనే ఉండాలి. ‘స్కాన్ చేసిన పత్రం ఆదాయ ధ్రువపత్రం’ కంటే ‘ఆదాయం ధ్రువపత్రం 2024’ మేలు. పాఠాలు రికార్డు చేసుకునే విద్యార్థికి ‘రికార్డింగ్ 12’ వల్ల ఉపయోగం లేదు. ‘శాతవాహనులు 03’ అని ఉంటే పరీక్ష ముందురోజు రాత్రి ఏడుపు తప్పుతుంది.

అంకెలకు ముందు సున్నా పెట్టాలి. కొన్ని యాప్‌లు 1 తర్వాత 10ని, దాని తర్వాత 2ని పేరుస్తాయి. 01, 02 అని రాస్తే ఆ చిక్కు రాదు. తేదీలను ఏడాది, నెల, రోజు అనే క్రమంలో గీతలతో విడగొట్టి 2024-03-15 అని రాస్తే పేరు క్రమమే కాలక్రమం అవుతుంది, గొంతు కూడా కోట్లలోకి పోదు. మాటల మధ్య కింది గీత పెడితే కొన్ని గొంతులు ప్రతిసారీ ‘అండర్‌స్కోర్’ అంటాయి. ఖాళీ వదిలితే చాలు. చివరనున్న పీడీఎఫ్, ఎంపీ3 వంటి తోకను మాత్రం పేరు మార్చేటప్పుడు చెరపకూడదు. చెరిపితే ఏ యాప్‌తో తెరవాలో ఫోన్‌కు తెలియదు. పేరు సరిగా పడిందో లేదో అనుమానమొస్తే, టాక్‌బ్యాక్ మెనూలో చివరగా చదివినదాన్ని అక్షరమక్షరంగా వినిపించే ఎంపిక ఉంది.

పేర్లు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా? రెంటికీ ఖర్చుంది. తెలుగు లిపి పేరును ఇంగ్లీషు గొంతు చదవలేదు, చాలాసార్లు మౌనంగా దాటేస్తుంది. గూగుల్ వారి స్పీచ్ సర్వీసులోనూ, ఈస్పీక్ ఎన్‌జీలోనూ తెలుగు గొంతులున్నాయి. టాక్‌బ్యాక్ రీడింగ్ కంట్రోల్స్‌లో భాషను కూడా చేర్చుకుని పని మధ్యలోనే గొంతు మార్చుకోవచ్చు. జాబితాలో తెలుగు పేర్లు సాధారణంగా ఇంగ్లీషు పేర్లన్నీ అయ్యాకే వస్తాయి. ఇక వెతకడంలో తెలుగుకు ఒక పెద్ద చిక్కుంది. ‘ధ్రువపత్రం’ అని దాచినదాన్ని ‘ధృవపత్రం’ అని వెతికితే దొరకదు. ‘సర్టిఫికెట్’, ‘సర్టిఫికేట్’ సంగతీ అంతే. నోటితో చెప్పి టైపు చేయించినప్పుడు ఏ రూపం పడుతుందో మన చేతిలో లేదు. కాబట్టి పేరులో రెండు మూడు మాటలు ఉంచి, ‘ఆదాయం’ వంటి ఒకే తీరున రాసే మాటతో వెతకడం మంచిది. ఎవరికైనా పంపవలసిన పత్రాలకు ఇంగ్లీషు పేరు, తనకోసం దాచుకునేవాటికి తెలుగు పేరు అన్న విభజన చాలామందికి నప్పుతుంది.

ఎంచడం, తరలించడం, చెరపడం

ఆండ్రాయిడ్‌లో ఒక ఫైలును ఎంచడానికి దానిమీద లాంగ్ ప్రెస్ చేయాలి. ‘ఎంపికైంది’ అని వినిపిస్తుంది. ఆ తర్వాత మిగతా వాటిమీద డబుల్ టాప్ చేస్తూ పోతే అవీ ఎంపికవుతాయి. ఈ దశలో డబుల్ టాప్ అంటే తెరవడం కాదు, ఎంచడం అన్నది గుర్తుండాలి. ఎంపిక జరుగుతున్నప్పుడు పైభాగంలో ‘3 ఎంపికయ్యాయి’ వంటి లెక్క ఉంటుంది. తరలించే ముందు, మరీ ముఖ్యంగా చెరిపే ముందు వేలితో పైకి వెళ్లి ఆ అంకె వినాలి. మూడు ఎంచామనుకున్నప్పుడు నాలుగు వినిపిస్తే అక్కడే ఆగిపోవచ్చు.

లాగి వదిలే పద్ధతి స్క్రీన్ రీడర్‌తో కష్టం. దాని బదులు ‘మరిన్ని ఎంపికలు’ తెరిచి కాపీ చేయడమో, తరలించడమో చేయాలి. గమ్యం ఫోల్డర్‌లోకి వెళ్లాక, పైన వినిపించే ఫోల్డర్ పేరును ఒకసారి విని, అప్పుడు అడుగునున్న బొత్తం నొక్కాలి. విలువైన పత్రాలను మొదట కాపీ చేసి, కొత్త చోట తెరుచుకుంటోందని విన్నాక పాతది తీసేయడం భద్రం. ఒక ఫైలు చెరిపాక ఫోకస్ జాబితా మొదటికి ఎగిరిపోవడం చాలా యాప్‌లలో కనిపించే లోపం. వంద ఫైళ్ల ఫోల్డర్‌లో ఇది శిక్షే. ఒక్కొక్కటిగా చెరిపే బదులు అన్నీ ఎంచి ఒకేసారి చెరిపితే ఆ బాధ ఒక్కసారితో పోతుంది. గూగుల్ ఫైల్స్ చెత్తబుట్టలో చెరిపినవి 30 రోజులుంటాయి. ఐఫోన్‌లోనూ ఇటీవల తొలగించినవాటికి ఒక చోటుంది. అయితే అన్ని ఫైల్ మేనేజర్లకూ చెత్తబుట్ట లేదు. ఉందో లేదో ఒక పనికిరాని ఫైలుతో పరీక్షించి చూసుకోవాలి.

‘లేబుల్ లేని బొత్తం’ అన్న మాట స్క్రీన్ రీడర్ వాడే ప్రతి ఒక్కరికీ తెలుసు. యాప్ తయారుచేసినవారు బొత్తానికి బొమ్మ పెట్టి పేరు రాయకపోతే గొంతు అంతకంటే చెప్పలేదు. అది పంపే బొత్తమో చెరిపే బొత్తమో నొక్కితేగాని తెలియదు. ఒక్క మాట రాసి ఉంటే సరిపోయే చోట మనిషిని ఇంత భయపెట్టడం అన్యాయం. టాక్‌బ్యాక్ మెనూనుంచి అలాంటి బొత్తానికి మనమే పేరు పెట్టవచ్చు. వాయిస్‌ఓవర్‌లో రెండు వేళ్లతో డబుల్ టాప్ చేసి రెండోసారి వేళ్లు తీయకుండా ఉంచితే పేరు రాసే పెట్టె తెరుచుకుంటుంది. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన స్క్రీన్ రికగ్నిషన్ పేర్లులేని బొత్తాలను బొమ్మను బట్టి ఊహించి చెబుతుంది. ఊహ కాబట్టి తప్పయ్యే వీలుంది.

దొరికిన ఫైలు చదవబోతే

ఫైలు దొరకడం, తెరుచుకోవడం జరిగాక కూడా గొంతు మౌనంగా ఉండవచ్చు. కాగితాన్ని ఫొటో తీసి చేసిన పీడీఎఫ్‌లో అక్షరాలుండవు, బొమ్మ ఒక్కటే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వారి సీయింగ్ ఏఐ 2017లో ఐఫోన్‌కు, 2023లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. గూగుల్ వారి లుకౌట్ 2019లో వచ్చింది. ఇవి బొమ్మలోని రాతను గుర్తుపట్టి చదువుతాయి. తెలుగు అచ్చుకు మాత్రం, కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరవడం నమ్మదగిన దారి. అది బొమ్మను అక్షరాలుగా మార్చి కొత్త పత్రం చేస్తుంది, దాన్ని ఫోన్‌లో వినవచ్చు.

తెలుగువారికి ఎదురయ్యే ఇబ్బంది ఇంకొకటుంది. మన అచ్చు ప్రపంచం చాలాకాలం ‘అను’ అనే ఫాంట్ల మీద నడిచింది, ఇప్పటికీ కొంత నడుస్తోంది. ఆ ఫాంట్లలో తెరమీద ‘అ’ కనిపిస్తున్నా లోపల దాచినది ఇంగ్లీషు అక్షరమో, ఏదో గుర్తో. చూసేవారికి చక్కటి తెలుగు, వినేవారికి అర్థంలేని ధ్వనుల వరద. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు ఉంది. అయినా పుస్తకాలు, పత్రికలు, ప్రకటనలు పాత ఫాంట్లలోనే తయారై పీడీఎఫ్‌లుగా వస్తుంటే, చదువుకోవాలన్న కోరిక ఉన్నవారికి గడప దాటలేని పరిస్థితి. వాటినీ బొమ్మలుగానే భావించి, అక్షరాలు గుర్తించే పద్ధతితోనే తిరిగి రాబట్టుకోవాలి. ప్రచురణకర్త దగ్గర అసలు ఫైలును యూనికోడ్‌లోకి మార్చి ఇస్తే ఈ శ్రమంతా ఉండదు.

చూపులేనివారి కోసం తయారైన పుస్తకాల తీరు వేరు. అచ్చు చదవలేనివారికి పుస్తకాలు అందేలా కాపీరైటు నుంచి మినహాయింపునిచ్చే మరకేష్ ఒప్పందం 2013లో కుదిరింది. దాన్ని మొదట ఆమోదించిన దేశం భారతదేశం, 2014లో. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఆ దారిలోదే. ఇలాంటి చోట్ల దొరికే డైసీ పుస్తకం సాధారణంగా జిప్ కట్టగా వస్తుంది. దానిలో ఆడియో ముక్కలు, విషయసూచిక, రెంటినీ జత కలిపే ఫైళ్లు పదులకొద్దీ ఉంటాయి. ‘డౌన్‌లోడ్’ ఫోల్డర్‌లోనే విప్పితే ముక్కలన్నీ చెల్లాచెదురై మిగతా ఫైళ్లలో కలిసిపోవచ్చు. పుస్తకం పేరుతో ఒక ఫోల్డర్ చేసి, జిప్‌ను దానిలోకి మార్చి, అక్కడ విప్పాలి. లోపలి ఫైళ్ల పేర్లు మార్చకూడదు, మారిస్తే విషయసూచికకూ ఆడియోకూ మధ్య లంకె తెగిపోతుంది. బీఆర్ఎఫ్ అనే బ్రెయిల్ ఫైలును గొంతుతో చదివిస్తే పిచ్చి అక్షరాలు వినిపిస్తాయి. అది పాడైపోయిందని చెరిపేయకూడదు. బ్రెయిల్ డిస్‌ప్లే మీద వేళ్లకు అందినప్పుడే దానికి అర్థం. 2022 నుంచి టాక్‌బ్యాక్ వేరే యాప్ లేకుండానే బ్రెయిల్ డిస్‌ప్లేలతో పనిచేస్తోంది.

ఫొటోల సంగతి వేరు. పేరు పెట్టినా లోపలున్నది తెలియదు కాబట్టి వర్ణన కావాలి. టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ రెండూ ఇప్పుడు బొమ్మలను మాటల్లో చెబుతున్నాయి. గుర్తింపు కార్డులు, బ్యాంకు పత్రాల ఫొటోలను బయటి సర్వర్‌కు పంపి వర్ణించే యాప్‌లతో జాగ్రత్తగా ఉండాలి.

కంప్యూటర్, పెన్‌డ్రైవ్

వందల ఫైళ్లకు పేర్లు మార్చవలసి వస్తే ఫోన్ సరైన చోటు కాదు. కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో చేస్తే ఎఫ్2 మీటతో పేరు మార్చి, మొదటి అక్షరం నొక్కి ఫైలు దగ్గరకు దూకవచ్చు. కంప్యూటర్ లేనివారు ఫోన్‌కే బ్లూటూత్ కీబోర్డు కలుపుకోవచ్చు. తెరమీద ఒక్కో అక్షరం వెతికి టైపు చేయడంతో పోలిస్తే పేరు మార్చే పని ఎంతో తేలికవుతుంది. తెరమీదే బ్రెయిల్ చుక్కలు నొక్కి టైపు చేసే కీబోర్డును టాక్‌బ్యాక్ 2020లో చేర్చింది. బ్రెయిల్ వచ్చినవారికి అది వరం. నేర్చుకునేవారికి సాయం దొరికే చోట్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చూపు తిరిగిరానివారికి పునరావాస సేవలు కూడా అందిస్తోంది. పక్కన కూర్చుని నేర్పే మనిషి ఉంటే నెలల పని వారాల్లో అవుతుంది.

ఫోన్ పోయినా పాడైనా పత్రాలు మిగలాలంటే రెండో చోట నకలు ఉండాలి. ప్రభుత్వ పత్రాలకు 2015లో వచ్చిన డిజిలాకర్ ఉంది. సొంత రికార్డింగులు, పుస్తకాలకు గూగుల్ డ్రైవ్ గాని పెన్‌డ్రైవ్ గాని కావాలి. డ్రైవ్‌లో ఉన్నది నెట్ లేనప్పుడు తెరుచుకోదు కాబట్టి తరచు వాడేవాటికి ‘ఆఫ్‌లైన్‌లో అందుబాటు’ ఎంపిక చేసుకోవాలి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఒక్క ఫైలు దానిలో పట్టదు. తీసే ముందు నోటిఫికేషన్లలో ‘ఎజెక్ట్’ దగ్గర డబుల్ టాప్ చేసి, తీసేయవచ్చని వినిపించాకే లాగాలి.